2019లో ఏం ఆడినావు?

పెళ్లిచూపుల్లో అబ్బాయినీ అమ్మాయినీ మాట్లాడుకోమని మేడ మీదకు పంపడం ఆచారం. ఆ రోజు వాన దంచి కొడుతుండటంతో ఆచారం మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఆనందకుమారినీ, నరేంద్రబాబునీ ఆమె కంప్యూటర్ ఉన్న గదిలోకి తోశారు. ఆ గదిలో కంప్యూటర్‌తో పాటు వడ్ల బస్తాలు కూడా ఉన్నాయి.

గదిలో కుర్చీ ఒక్కటే. దాంట్లో ఆమె కూర్చుంది. అతను అటూ ఇటూ చూసి, తెల్ల ప్యాంటుతో, బస్తా మీద కూర్చున్నాడు.

"ఆ బస్తా దుమ్ము" అంది ఆనందకుమారి.

"కూర్చున్నాక చెప్తుండారే."

"ముందే చెప్తే మీరెట్టాంటోళ్లో నాకెట్ట తెలుస్తాది?"

అతను లేవలేదు. దులుపుకోలేదు కూడా. "ఇంక మాసేది మాసింది" అని ఇంకొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

ఆనందకుమారి అన్నది ఆమె నాయనమ్మ పేరు. ఆ పేరు పెట్టినవాళ్లు పెద్ద ఆశావాదులు. ఆమె విడవలూరులో ఇంట్లో కూర్చుని చెన్నైలోని ఒక కంపెనీకి టెస్టింగ్ చేస్తుంది. అంటే వేరేవాళ్లు కష్టపడి తయారుచేసిన యాప్‌లో తప్పులు వెతుకుతుంది. తప్పులు వెతికి జీతం తెచ్చుకునే మనిషికి పెళ్లికొడుకుల్ని చూపించడం ఎంత దండగ పనో ఆమె తల్లి గంగాభవానికి తెలుసు. తెలిసీ చూపిస్తూనే ఉంది.

"మీ హాబీలేంటని అడగను" అంది ఆనందకుమారి. "అందరూ ట్రావెలింగ్ అంటారు. చూస్తే తిరుపతి దాటి పోయుండరు."

"నేను శ్రీహరికోట దాకా పోయినా."

"నా ప్రశ్న వేరే. 2012 నుంచి ఇప్పటిదాకా, ఏడాదికొక వీడియోగేమ్ చెప్పండి. మీకు బాగా నచ్చింది. ఏడాదికి ఒక్కటే. ఎందుకో కూడా చెప్పాల."

ఈ ప్రశ్నకు ముందొచ్చిన అబ్బాయిల్లో ఒకతను 'నేను టైమ్ వేస్ట్ చెయ్యనండీ' అన్నాడు. ఇంకొకతను టేబుల్ కింద ఫోన్ పెట్టుకుని నెట్లో వెతికి, అవార్డులొచ్చిన గేములన్నీ వరసగా చదివాడు. ఏ ఊరివాడికైనా జీవితమంతా అవార్డులే నచ్చి ఉంటాయంటే ఆమె నమ్మలేదు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరికీ ఇప్పుడు పెళ్లిళ్లయిపోయాయి.

నరేంద్రబాబు ఫోన్ తియ్యలేదు. సీలింగ్ వైపు చూశాడు.

"ఏడాదంటే జనవరి నుంచి డిసెంబరా?"

"మీ ఊర్లో వేరేనా?"

"మాది ఇందుకూరుపేట గదా, రొయ్యల గుంటలు. మాకు ఏడాదికి రెండు పంటలు. నాకు ఏది జ్ఞాపకం చేసుకోవాలన్నా పంట లెక్కనే వస్తది. అట్ట చూస్తే ఏడాదికి రెండు గేములు వస్తాయి."

"రెండిట్లో ఒకటి తీసెయ్యండి."

"తీసేసినదానికి పాపం అనిపించదా?"

ఆమె అప్పుడు మొదటిసారి అతని ముఖం చూసింది. ఎగతాళి ఎక్కడైనా దాగి ఉందేమోనని వెతికింది. అది ఆమెకు వృత్తి. ఏమీ దొరకలేదు. ముక్కు మీద వాన చుక్క ఒకటి మాత్రం ఆరకుండా ఉంది.

"2012 టెంపుల్ రన్" అన్నాడతను. "మా బావ ఫోన్లో. ఆయన ఫోన్ చేతికియ్యడు. ఫోను ఆయన చేతిలో, వేలు నాది. మలుపు వచ్చినప్పుడల్లా ఇద్దరం పక్కకి వాలేవాళ్లం."

"2013?"

"బుక్ క్రికెట్."

"అది వీడియోగేమ్ కాదు."

"ఇంటర్ హాస్టల్లో పడేసినారు. ఫోన్ ఉంటే తోలు తీస్తారు. కెమిస్ట్రీ పుస్తకం తెరిస్తే పేజీ నంబర్ చివరి అంకె ఎంతైతే అన్ని రన్లు. మాకు కెమిస్ట్రీ పుస్తకమే స్క్రీను."

"అయినా కాదు."

"కాకపోతే ఆ ఏడు ఖాళీ. అబద్ధం చెప్పమంటే చెప్తా."

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. "పెట్టుకోండి."

2014కు పైపుల మధ్య ఎగిరే పిట్ట ఆట చెప్పాడు. దాంట్లో ఎప్పుడూ పట్టుమని పది పైపులు దాటలేదట. ఓడిపోయే ఆట ఎందుకు నచ్చిందని అడిగితే, అందరూ ఓడిపోతుంటే తనకూ సిగ్గనిపించలేదన్నాడు.

"2015?"

"నెట్ లేనప్పుడు వస్తది చూడండి, రాకాసి బల్లి. ముళ్లచెట్ల మీద దూకతా పోతది."

"అది గేమ్ అని ఎవరూ చెప్పరు."

"ఆ ఏడు వరదలొచ్చినాయి గదా. టవర్లు పడిపోయినాయి, మాకు ఎన్నాళ్లకీ నెట్ రాలా. నీళ్ల మధ్యలో కూర్చొని ఆ బల్లిని దూకిస్తానే ఉన్నా. నెట్ వచ్చినాక కూడా ఆపేసి మళ్లా అదే ఆడినా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వును వాయిదా వేసింది. ఆలోగా గంగాభవాని కాఫీ గ్లాసులతో తలుపు తోసుకుని వచ్చింది. 'మాట్లాడుకున్నది చాలు' అనడానికి ఆ ఇంట్లో కాఫీ గుర్తు.

వసారాలో అతని తండ్రి చెంచురామయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆనందకుమారి తండ్రి సంజీవరావుకు లోకం పోకడ వివరిస్తున్నాడు.

"ఈ ఫోన్లు, ఈ గేములూ వచ్చినాక పిలకాయలు చెడిపోతుండారు బావా. మా ఇంట్లో అట్టాంటివి సాగనీను."

సంజీవరావు తన కూతురి గది వైపు ఒకసారి చూసి తలూపాడు.

వాళ్లు వెళ్లాక గంగాభవాని కొంగు బిగించింది.

"ఏమంటావుమే?"

"ఇంకా 2015లో ఉండాం."

"అంటే?"

"ఈ ఏడు దాకా వస్తేగానీ చెప్పలేను."

*

ఆ తర్వాత నరేంద్రబాబు ప్రతి ఆదివారం రావడం మొదలుపెట్టాడు. వంతెన మీద పెన్న దాటి, కోవూరు మీదుగా, బండి హ్యాండిల్‌కు రొయ్యల సంచి తగిలించుకుని. పెళ్లి ఖాయం కాని అబ్బాయి ఇంటికి రావడం ఏమిటని వీధిలో ఎవరో అన్నారు. గంగాభవాని ఆ సంచి చూపించి వాళ్ల నోరు మూయించింది. తనూ మూసుకుంది.

2016 కోసం వచ్చినప్పుడు ఆనందకుమారి తనది ముందు చెప్పింది. కంప్యూటర్లో పొలం చేసుకునే ఆట. దున్నాలి, విత్తాలి, నీళ్లు పోయాలి, సంతకు తీసుకెళ్లాలి.

వసారాలోంచి సంజీవరావు అందుకున్నాడు. "ఆ ఏడు మన మడి మీదకి రమ్మంటే ఒక్కరోజు రాలా ఈమె. కంప్యూటర్లో మాత్రం టమేటాలకి తెల్లారేపాటికి నీళ్లు పోసేసేది."

"దాంట్లో జలగలు లేవు నాయనా."

నరేంద్రబాబు గట్టిగా నవ్వాడు. తర్వాత ఆమె వైపు చూసి, "మీరు నవ్వితే బాగుంటారు" అన్నాడు.

"నవ్వకపోతే?"

"అప్పుడూ బాగుంటారు. కాకపోతే భయంగా బాగుంటారు."

ఆమె ఆ మాటను తిప్పి చూసింది. పొగడ్త వినగానే దాని వెనక ఏముందోనని చూడటం ఆమెకు అలవాటు. చొక్కా కొనేటప్పుడు లోపలి కుట్లు చూసినట్టు. ఈ మనిషి మాటలకు మాత్రం లోపలా బయటా ఒకే రంగు కనిపిస్తోంది. ఆ సంగతే ఆమెకు అనుమానంగా ఉంది.

2017కు అతను ఫోన్లో ఆడే బిలియర్డ్స్ చెప్పాడు. అసలు బల్ల ఒకసారి చెన్నైలో చూశాడట. ఫోన్లోదే పెద్దదిగా ఉన్నట్టు అనిపించిందట. 2018కు పబ్జీ.

"నాకు ఆడటం రాదు" అన్నాడు. "కాలేజీ అయిపోయి మావోళ్లందరూ బెంగుళూరు, హైదరాబాద్ పోయినారు. సాయంత్రం అయితే అందరూ కలిసేది దాంట్లోనే. వాళ్లు కాల్చుకుంటుంటే నేను ఒక చెట్టెనక కూర్చొని కబుర్లు చెప్తా ఉండేవాణ్ణి. మీ ఊళ్లో వానలా, తిన్నావా, మేనేజర్ ఎట్టాంటోడు, ఇయ్యే."

"అంటే యుద్ధంలో కూర్చొని రచ్చబండ నడిపినారు."

"ఎవుడో ఒకడు నడపాల గదా."

ఆ రాత్రి ఆమె నిద్రపోయే ముందు ఆ చెట్టును ఊహించుకుంది. అది మంచి సూచన కాదని ఆమెకే తెలిసింది.

ఇంట్లోవాళ్లకు ఇదంతా ఒక పంచాంగంలా తయారైంది. చెంచురామయ్య ఫోన్ చేసి, "మావాడు ఏ ఏట్లో ఉండాడమ్మా?" అని అడిగేవాడు. "2018 అయిపోయిందన్నా" అని గంగాభవాని చెప్పేది. ఆమె కూతురితో మాట్లాడేటప్పుడు మాత్రం అంత ఓపిక ఉండేది కాదు.

"ధనుర్మాసం వచ్చిందంటే ముహూర్తాలుండవు. ఆ లోపల నీ లెక్క తేలతాదా లేదా?"

"ఏండ్లు నేనేమన్నా కనిపెట్టినానా అమ్మా. వరసలో రావాల."

"ఆ పిల్లోడు మంచోడుమే."

"అందుకేగా ఇంతసేపు."

ఆమె అన్నది వినపడి గంగాభవాని చేతిలో గరిటె ఆగింది. కూతురు నోటినుంచి అంత సూటి మాట రావడం అరుదు. అయితే ఆనందకుమారి వెంటనే, "రొయ్యలు కూడా బాగుంటాయి" అని చేర్చి దాన్ని పాడుచేసింది.

*

తర్వాతి ఆదివారం వాయుగుండం హెచ్చరిక వచ్చింది. గుంటల గట్లు చూసుకోవాలని అతను రాలేదు, ఫోన్ చేశాడు.

"2020 లూడో" అన్నాడు.

"2019?"

"లాక్‌డౌన్లో మా అమ్మ, అత్త, నేను. మా అత్త పాచికలు ఎట్ట పడతాయో ముందే చెప్పేది."

"2019 అడిగినా."

అవతల గాలి చప్పుడు వినిపించింది. "ఆ ఏడు ఏమీ ఆడలా."

"ఏడాది మొత్తం?"

"ఫోన్ నా చేతిలో లేదు."

"ఎవరి చేతిలో ఉండింది?"

"అది నేను చెప్పకూడదు."

టెస్టింగ్‌లో ఒక సంగతి నేర్పుతారు. వరసలో ఒక అంకె మాయమైతే తప్పు అక్కడే ఉంటుంది. ఫోన్ ఇంకొకరి చేతిలో ఏడాది ఉండటం, ఆ మనిషి పేరు చెప్పకూడదనడం. ఒక అమ్మాయి ఉండి ఉంటుంది. ఉంటే ఉండొచ్చు, 2019 నాటి మాట. దాచడం ఎందుకు? ఆమెకు తన గొంతు మామూలుగానే ఉన్నట్టు అనిపించింది. అలా అనిపించిందంటే లేనట్టు లెక్క.

"సరే. నాది చెప్తా వినండి. 2019లో నాకు నచ్చిన గేమ్ నేనే తయారుచేసినా."

"మీరా?"

"బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు. పేరు 'తీరం దాటు'. ఆడేవాళ్లు వాయుగుండం అన్నమాట. బంగాళాఖాతంలో పుట్టి, గాలీ వానా వేసుకొని మన తీరం మీదకి రావాల. ఏ ఊరికీ దెబ్బ తగలకుండా, పడవలూ మళ్లూ గుంటలూ తప్పించుకుంటా, సందులు చూసుకొని దాటిపోవాల. ఒక్కో ఊరూ ఒక్కో లెవల్. ప్లే స్టోర్‌లో పెట్టినా."

అవతల ఏదో బకెట్ కింద పడిన చప్పుడైంది.

"మా చుట్టాలు దింపుకున్నారు. ఎవరూ ఆడలా. బయటోళ్ల నుంచి ఒకే ఒక్క రివ్యూ వచ్చింది. ఒక్క స్టారు. ఒక్క స్టారు ఇస్తే ఇచ్చినారు, దాని కింద రాసింది చూడాల. 'ఇంతకు మించిన ఆట నేను చూడలా...'"

"...'తీసినోళ్లెవురో గానీ దండం పెట్టాల'" అన్నాడు నరేంద్రబాబు.

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది.

ఆ రివ్యూ చూసిన రోజే ఆమె గేమ్‌ను స్టోర్‌లోంచి తీసేసింది, అది నడిచే సర్వర్‌నూ ఆపేసింది. తర్వాత ఇంకొకటి తయారుచెయ్యలేదు. తయారుచేసేవాళ్ల తప్పులు వెతికే ఉద్యోగంలో చేరిపోయింది. ఆ మాటలు ప్రపంచంలో రెండే తలకాయల్లో ఉండాలి. చదివిన ఆమె తలలో, రాసినవాడి తలలో.

"మీకెట్ట తెలుసు?"

"ఆనందా గారూ, నేను... నేను మళ్లా చేస్తా."

చెయ్యలేదు. మరుసటి రోజూ చెయ్యలేదు. వారం గడిచింది. ఆదివారం వచ్చింది, రొయ్యలు రాలేదు.

ఆనందకుమారికి లెక్క తేలిపోయింది. అంత వెటకారం చెయ్యగలిగిన మనిషి, ఆమె ముందు ఇన్నాళ్లూ అమాయకుడిలా కూర్చున్నాడు. బస్తా మీద. అంటే మిగతావి కూడా వెటకారమే అయి ఉంటాయి. భయంగా బాగుంటారు అన్నది కూడా.

"వద్దని చెప్పెయ్ అమ్మా."

గంగాభవాని ఖాళీగా ఉన్న రొయ్యల గిన్నెను బోర్లించింది. "నేను చెప్పను. ఇన్ని వారాలు వాళ్ల రొయ్యలు తిని ఏ నోటితో చెప్పేది? కాదనేది నువ్వు. నువ్వే పొయ్యి చెప్పు."

*

ఆమె స్కూటీ ఇందుకూరుపేట దాటి గుంటల దారి పట్టేసరికి మధ్యాహ్నం. వాన సన్నగా, పట్టుదలగా పడుతోంది. గట్టు మీద బురదలో స్కూటీ రెండుసార్లు పక్కకు వాలింది. గుంటల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు మోతగా తిరుగుతున్నాయి. నరేంద్రబాబు మేత బకెట్ పట్టుకుని నడుము దాకా తడిసి ఉన్నాడు. ఆమెను చూసి బకెట్ పెట్టేసి, ఎందుకో మళ్లీ ఎత్తుకున్నాడు.

ఆమె హెల్మెట్ తియ్యలేదు.

"2019లో ఏం ఆడినావు?"

"నన్ను 'నువ్వు' అన్నారు" అన్నాడతను.

"కోపంలో అన్నా."

"బాగుంది."

"ఆ రివ్యూ నువ్వే గదా రాసింది? అంత బాగా వెటకారం రాసేవోడివి, నా ముందర ఎందుకంత మంచోడి మాదిరి కూర్చున్నావు?"

"నేను రాయలా."

"మరి ఎవరు?"

అతను మోటరు షెడ్డు వైపు చూశాడు. అక్కడ పట్ట కప్పిన మేత సంచుల మీద చెంచురామయ్య కూర్చుని, వినపడనట్టు గుంట వైపు చూస్తున్నాడు. వినపడనివాళ్లు అంత కదలకుండా కూర్చోరు.

"నాయనా," అన్నాడు నరేంద్రబాబు గట్టిగా. "ఇంక నా వల్ల కాదు. నువ్వు చెప్పకపోతే ఈమె పోతది."

చెంచురామయ్య లేచి వచ్చాడు. తువ్వాలు తల మీద కప్పుకుని, గట్టు మీద ఆమె ముందు నిలబడ్డాడు. ఆ రోజు వసారాలో నిటారుగా కూర్చున్న మనిషి ఇప్పుడు కొంచెం వంగి ఉన్నాడు.

"అమ్మా, ఆ తుపాను ఆట నువ్వు తీసిందేనా?"

"అవును అంకుల్."

"మరి ఎందుకు తీసేస్తివి? కృష్ణపట్నం దాటించేసినా. ఇంక ఒక్క ఊరే. మర్నాడు పొద్దున తెరుచుకోలా, తీసి మళ్లా దింపుకుందామంటే స్టోర్‌లో లేదు. ఫోనంతా వెతికినా. వీణ్ణి అడగాలంటే సిగ్గు."

ఆనందకుమారి హెల్మెట్ తీసింది.

నరేంద్రబాబు మెల్లగా చెప్పాడు. "ముందు ఏడు గాలివానకి మా గట్లు తెగిపోయినాయి. పంట మొత్తం కాలవలో కలిసిపోయింది. నాయన ఎవురితో మాట్లాడేవాడు కాదు. ఫోన్లో ఏదో వెతకతా ఉంటే నీ గేమ్ దొరికింది నాకు. దాంట్లో మన ఊర్లు ఉండాయని చూపించినా. అంతే, ఫోను మళ్లా నా చేతికి రాలా. ఏడాదంతా ఈ షెడ్డులో కూర్చొని అదే. ఆ రివ్యూ కూడా పైకి చదువుకుంటా రాస్తుంటే ఇన్నా."

"ఊరందరికీ పిలకాయల చేతికి ఫోన్ ఇవ్వొద్దని చెప్పేవాణ్ణి నేనే" అన్నాడు చెంచురామయ్య. "ఈ వయసులో గేమ్ ఆడతుండానంటే ఏం మర్యాద? అందుకని ఎవురికీ చెప్పొద్దని వీడి చేత ఒట్టేయించుకున్నా. కోడలు కాబోయే పిల్లకి అసలు తెలవకూడదని ఈ వారం అంతా పోట్లాడినా."

అతను గుంట మీద పడుతున్న వానను చూశాడు.

"నిజం తుపాను మన మాట వినదు గదమ్మా. నీది ఇనేది. అట్ట నెట్టితే అట్ట పోయేది. మా గుంటల పక్క సందులోంచి మెల్లంగా తీసుకపోయేవాణ్ణి. ఒక్క గట్టు కూడా తెగేది కాదు."

సర్దుకోవడానికి ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, తప్పు వెతకడం. "అయితే ఒక్క స్టారు ఎందుకు పెట్టినారు?"

"మరి ఎన్ని పెట్టాల?" అన్నాడు చెంచురామయ్య ఆశ్చర్యంగా. "ఒకటి కంటే తక్కువ పెట్టనీలా. నేను చూసినా."

ఆమెకు అర్థం కాలేదు. నరేంద్రబాబు తల పట్టుకున్నాడు. అతనికి ఇప్పుడే అర్థమైంది.

"నాయనా, కౌంట్ అనుకున్నావా?"

రొయ్యల వ్యాపారంలో అంతా కౌంట్ మీద నడుస్తుంది. కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంట్, చిన్నవి, బేరగాడు ముఖం తిప్పుకుంటాడు. కిలోకు ముప్పయ్యే తూగితే ముప్పై కౌంట్, పెద్ద రొయ్య, మంచి రేటు. అంకె ఎంత తగ్గితే సరుకు అంత గొప్పది. జీవితమంతా ఆ లెక్కలో బతికిన మనిషికి ఒకటి నుంచి ఐదు దాకా ఎంచుకోమని ఫోన్ అడిగితే, ఆయన ఒక్కటే కిలో తూగే రొయ్యను ఎంచుకున్నాడు.

"ఐదు పెడితే మంచిదని అంకుల్" అంది ఆనందకుమారి. "ఒకటంటే పనికిరాదని."

చెంచురామయ్య ముఖంలో రంగు పోయింది. "పనికిరాదనా? అంత మంచిగా కింద రాసినా గదా."

"రాసింది చూసి... ఎగతాళి అనుకున్నా."

"దండం అంటే ఎగతాళి ఎట్ట అవతాది తల్లీ?"

ఒక మనిషి తన ఆటకు నిజంగా దండం పెట్టి ఉండొచ్చని ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ ఒక్క మాటను అటూ ఇటూ తిప్పి, వెనక లేనిదాన్ని వెతికి పట్టుకుని, ఇన్నేళ్లు మోసింది. తప్పు పట్టడంలో అంత పేరున్న మనిషికి ఇది చాలా పెద్ద తప్పు.

"మళ్లా పెట్టగలవా దాన్ని?" అడిగాడు చెంచురామయ్య.

"ఆ పాత ల్యాప్‌టాప్ కాలిపోయింది. మొత్తం మళ్లా రాయాల."

"రాయి. ఆ ఆఖరి ఊరు ఏదో నాకు చెప్పబాకు." ఆయన తువ్వాలు సర్దుకుని షెడ్డు వైపు రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "మీరు మాట్లాడుకోండి. నాకు ఈ వానకి ఏమీ ఇనపడదు."

*

గట్టు మీద ఇద్దరూ మిగిలారు. నరేంద్రబాబు మేత బకెట్‌ను ఇటు చేతి నుంచి అటు చేతికి మార్చుకున్నాడు.

"ఫోన్ చేసి చెప్పొచ్చు గదా" అంది ఆమె.

"ఒట్టేసినా గదా. నాయన తానుగా ఒప్పుకుంటే గానీ నోరు తెరవలేను. రోజూ అడుగుతానే ఉన్నా. నిన్న చెప్తానన్నాడు, పొద్దున మళ్లా సిగ్గేసిందన్నాడు."

"నేను వద్దని చెప్పడానికి వచ్చినా."

"తెలుసు. హెల్మెట్ తియ్యకుండా వచ్చినప్పుడే."

వాన కొంచెం పెద్దదైంది. ఎవరూ షెడ్డు వైపు కదల్లేదు. షెడ్డు నిండా వినపడని చెంచురామయ్య ఉన్నాడు.

"నాకు నువ్వంటే ఇష్టం" అన్నాడు నరేంద్రబాబు. "ఆ దుమ్ము బస్తా మీద కూర్చోబెట్టినప్పటి నుంచి. నేను మాటలు తిప్పి చెప్పలేను. మిగతా ఏండ్లు ఎప్పుడైనా చెప్తా. దీనికి మాత్రం ఇప్పుడు చెప్పు."

ఆమె నోట్లో జవాబులు వరసగా నిలబడ్డాయి. అన్నీ చురుకైనవే, అన్నిటికీ వెనక ఒక తలుపు ఉంది, తర్వాత ఎప్పుడైనా తప్పించుకుని పోవడానికి. ఒక్కొక్కదాన్నీ చూసింది, ఒక్కొక్కదాన్నీ పక్కన పెట్టింది. అవి అయిపోయేసరికి చాలాసేపు పట్టింది. అతను బకెట్‌తో అలాగే నిలబడ్డాడు.

"నాక్కూడా ఇష్టం" అంది.

అంతే అంది. రొయ్యల గురించి ఏమీ చేర్చలేదు. చేర్చకుండా ఉండటం కోసం పళ్లు బిగించాల్సి వచ్చింది.

అతను ఆమె ముఖంలోకి వంగి చూశాడు. "ఎగతాళి కాదు గదా?"

"కాదు. చూసుకో కావాలంటే."

అతను చూసుకున్నాడు. అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపే చూసుకున్నాడు. ఆమె కళ్లు దించింది, అదీ కొత్తే.

షెడ్డులోంచి కేక వినిపించింది.

"రే, ఏమంటుందిరా?"

"ఇనపడదంటివి గదా నాయనా."

"ఏరేటర్ మోత. సగమే ఇనపడింది. ఒప్పుకునిందా లేదా?"

"ఒప్పుకునింది."

"నిజంగానే గదా? మళ్లా మనం ఏమన్నా తిరగేసి అర్థం చేసుకుంటుండామా?"

నరేంద్రబాబు ఆమె వైపు చూశాడు. ఆనందకుమారి బురదలో జారకుండా అతని మోచెయ్యి పట్టుకుని, షెడ్డు వైపు తిరిగి, వానలోనూ వినపడేలా గొంతు పెంచింది.

"నిజంగానే మామా."